టెన్షన్ అనే ఒక్క మాట కింద: దడుపు, అలుపు, ఉసురు

ఒంగోలు నుంచి నెల్లూరుకు హైవే మీద తిరిగేవాళ్లకు 'ట్రామా కేర్' అన్న బోర్డు కొత్త కాదు. దానికి మనం చెప్పుకునే అర్థం ఒకటే: కాలు విరిగింది, తల పగిలింది, గబగబా తీసుకురండి. గ్రీకులో ట్రామా అంటే గాయమే కాబట్టి బోర్డుది తప్పేమీ లేదు. చిక్కేమిటంటే అదే మాటను ఇప్పుడు మనసుకూ వాడుతున్నారు. దాని వెనకాలే మోరల్ డిస్ట్రెస్, మోరల్ ఇంజురీ, బర్నౌట్ అని మరికొన్ని వచ్చి చేరాయి. శిక్షణ తరగతుల్లో ఈ మాటలు విని వచ్చిన ఆశా కార్యకర్తలను, స్టాఫ్ నర్సులను 'అంటే ఏంది?' అని అడిగితే చాలామంది అన్నింటికీ కలిపి ఒకే మాట చెబుతారు: టెన్షన్.

టెన్షన్ అంటే చాలు, ఎదుటివాళ్లు తలూపుతారు. ఎవరూ నొచ్చుకోరు, ఎవరి మీదా నింద పడదు. అందుకే అంత వాడుకలో ఉంది. కానీ ఆ మాట కింద కనీసం మూడు వేరువేరు బాధలు దాక్కుని ఉన్నాయి. వాటికి మన దగ్గర పాత పేర్లు కూడా ఉన్నాయి. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు. ఈ వ్యాసం ఆ ముడి విప్పడానికే.

ఒక రాత్రి, ఒక రిఫరల్ చీటీ

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. ఇది కల్పించింది, ఏ ఊరిదీ, ఏ ఆస్పత్రిదీ కాదు. అయినా మెట్ట ప్రాంతంలో పనిచేసిన నర్సు ఎవరికైనా సగం చదివి వినిపిస్తే మిగతా సగం తనే చెప్పేస్తుంది.

ఉదయగిరి వైపు ఒక ఎస్టీ కాలనీ. ఇరవై దాకా యానాదుల ఇళ్లు. చెంచమ్మకు రెండో కాన్పు. మొదటిది ఇంట్లోనే అయిపోయింది. ఈసారి ఆస్పత్రికి రమ్మని ఆశా కార్యకర్త రమణమ్మ వారం రోజులు ఆ ఇంటి చుట్టూ తిరిగింది. "నేనుండా గదమ్మే, ఏం కాదు" అని చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది. రాత్రి తొమ్మిదికి ఆడబిడ్డ పుట్టింది. బిడ్డ బాగానే ఏడ్చింది. తొమ్మిదిన్నరకు కూడా తల్లికి రక్తం ఆగలేదు.

కాన్పు తర్వాత గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి. అప్పుడే లోపల తెగిన రక్తనాళాలు మూసుకుంటాయి. ముడుచుకోకపోతే రక్తం పోతూనే ఉంటుంది. అర లీటరు దాటితే దాన్ని ప్రమాదంగానే లెక్కేస్తారు. ముందే రక్తహీనత ఉన్న మనిషికి అంతకంటే తక్కువ పోయినా ప్రాణం మీదికి వస్తుంది, మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. స్టాఫ్ నర్సు సుజాత ఇవ్వాల్సిన ఇంజెక్షన్లు ఇచ్చింది, పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచిని మర్దన చేస్తూనే ఉంది. అక్కడ రక్తం నిల్వ ఉంచే ఫ్రిజ్ ఉంది. అందులో చెంచమ్మ గ్రూపు లేదు. వరసగా మూడో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు తల ఎత్తకుండా రిఫరల్ చీటీ రాశారు. నెల్లూరు పెద్దాసుపత్రికి సుమారు వంద కిలోమీటర్లు.

108 అంబులెన్సు వచ్చింది. వెనక దారిలో ప్రథమ చికిత్స చూసే ఈఎంటీ శీను, ముందు సీట్లో బండి నడిపే పైలట్. ఆత్మకూరు దాటాక చెంచమ్మ నాడి అందలేదు. శీను ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. ఆ నొక్కుడుకు ఆమె చేతి గాజులు స్ట్రెచర్ కడ్డీకి తగిలి గలగలమంటున్నాయి. నెల్లూరు చేరేసరికి ఆ చప్పుడొక్కటే మిగిలింది. తెల్లారి బండి కడుగుతుంటే స్ట్రెచర్ పట్టీ సందులో ఒక పచ్చ గాజు ముక్క దొరికింది. శీను దాన్ని పారేయలేదు. ఎందుకు పారేయలేదో అతనికీ తెలీదు. డాష్‌బోర్డులో, గ్లవుజుల పెట్టె వెనక పెట్టాడు.

ఆ రాత్రి ఒకటే. దాన్ని మోస్తున్నవాళ్లు మాత్రం శీను, సుజాత, రమణమ్మ, డాక్టరు, చెంచమ్మ భర్త వెంకయ్య. ఒక్కొక్కరి మీద అది ఒక్కో తీరుగా పడింది.

శీనుది దడుపు: భయం ఒంట్లో ఉండిపోతే

పిల్లలు దేన్నో చూసి దడుచుకుంటే జ్వరం వస్తుందని మన పెద్దవాళ్లు అంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. వైద్యం సంగతి అలా ఉంచి, ఆ ఆలోచనలో ఒక మంచి గమనిక ఉంది: భయం కలిగించిన సంగతి అయిపోయినా భయం ఒంట్లోంచి వెంటనే పోదు. మానసిక వైద్యంలో ట్రామా అనేది దీనికి దగ్గర. ప్రాణం పోయేంత ప్రమాదం, తీవ్రమైన గాయం, లైంగిక హింస తనకు ఎదురైనా, కళ్లారా చూసినా తగిలే దెబ్బ అది. బాస్ తిట్టాడు, పరీక్ష తప్పాను అన్నవి నిజంగా బాధించేవే అయినా ఈ కచ్చితమైన అర్థంలో ట్రామా కిందికి రావు. మాట పలచబడితే అసలు బాధ ఉన్నవాళ్ల మాటకు విలువ తగ్గుతుందని కొందరు వైద్యులు అంటారు. గీత మరీ ఇరుకుగా గీస్తే నిజంగా చితికిపోయినవాళ్లు బయట ఉండిపోతారని ఇంకొందరు అంటారు. ఆ వాదన ఇంకా తేలలేదు.

శీనుకు ఇప్పుడు ఏ పెళ్లింట్లో గాజులు గలగలమన్నా చేతులు చెమటలు పడతాయి. ఆత్మకూరు రోడ్డు రాగానే కడుపులో తిప్పుతుంది. నిద్రలో అరుస్తున్నాడని భార్య చెబుతుంది. మొదటి రెండు మూడు వారాలు ఇలా ఉంటే దాన్ని జబ్బు అనరు. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గకుండా, ఆ దృశ్యం పదేపదే కళ్ల ముందుకు రావడం, గుర్తుచేసే చోట్లను తప్పించుకు తిరగడం, మనసు మొద్దుబారడం, ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడటం కలిసి, పనికీ కాపురానికీ అడ్డం పడితే అప్పుడు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పీటీఎస్‌డీ అంటారు. ఈ పేరు అమెరికా మానసిక వైద్యుల అధికారిక గ్రంథంలోకి 1980లో ఎక్కింది, వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికుల పుణ్యమా అని. 2013లో దాన్ని సవరించినప్పుడు ఉద్యోగరీత్యా ఇలాంటి ఘోరాలను మళ్లీ మళ్లీ చూడాల్సి వచ్చేవాళ్లను కూడా స్పష్టంగా చేర్చారు. అంటే శీను లాంటివాళ్లను.

దీనికి చికిత్స ఉంది. తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకాన్ని నిపుణుల తోడుతో, భద్రమైన చోట, మెల్లమెల్లగా ఎదుర్కొనేలా చేసే మానసిక చికిత్సలకు మంచి ఆధారాలున్నాయి. 'మర్చిపోరా అబ్బయ్యా' అనడం దానికి సరిగ్గా ఎదురు దారి.

సుజాతది చేతులు కట్టేసిన బాధ

సుజాతకు నిద్రలో అరుపులు లేవు. రక్తం చూసి భయపడే రోజులు ఆమెకు ఎప్పుడో పోయాయి. ఆమెను తినేస్తున్నది వేరే: చెంచమ్మకు ఏం కావాలో ఆమెకు తెలుసు. ఆ నిమిషంలో, ఆ గదిలో రెండు సీసాల రక్తం కావాలి. తెలిసీ ఇవ్వలేకపోయింది.

దీన్నే మోరల్ డిస్ట్రెస్ అంటారు. 1984లో ఆండ్రూ జేమిటన్ అనే అమెరికన్ తత్వవేత్త నర్సుల నైతిక సమస్యల మీద రాస్తూ ఈ మాట తెచ్చాడు. ఆయన చెప్పిన తేడా సూటిగా ఉంటుంది. ఏది సరైనదో తేల్చుకోలేకపోతే అది ధర్మసంకటం. ఏది సరైనదో తెలిసి కూడా సంస్థ, నిబంధన, పైఅధికారి, కొరత అడ్డుపడి చేయలేకపోతే అది మోరల్ డిస్ట్రెస్. మన భాషలో చెప్పాలంటే మొదటిది ముందు నుయ్యి వెనక గొయ్యి. రెండోది చేతులు కట్టేసి వెన్నెల్లో కూర్చోబెట్టడం: అన్నీ కనపడుతుంటాయి, ఏదీ చేయనివ్వరు.

ఆస్పత్రుల్లో దీని రూపాలు బోలెడు. ఇద్దరు నర్సులు చూడాల్సిన వార్డును ఒక్కరే చూడటం. బతికే ఆశ లేదని తెలిసినా ఇంటివాళ్లు వదలలేక, డాక్టరు చెప్పలేక, వెంటిలేటర్ మీద రోజులు లాగుతుంటే సూదులు గుచ్చుతూ ఉండటం. బిల్లు కట్టలేదని డిశ్చార్జి ఆపితే ఆ కబురు మోసుకెళ్లాల్సి రావడం. 108 బండిలో శవాన్ని ఎక్కించుకోకూడదన్న నిబంధన కూడా ఇలాంటిదే. అది అర్థం లేని నిబంధనేం కాదు, ఆ బండి కోసం ఇంకో ప్రాణం ఎదురుచూస్తుంటుంది. కానీ రోడ్డు పక్కన బిడ్డ శవంతో నిలబడ్డ తండ్రికి ఆ ముక్క చెప్పాల్సింది నిబంధన రాసినవాళ్లు కాదు, బండిలో ఉన్న కుర్రాడు. 2022 ఏప్రిల్‌లో తిరుపతిలో ఒక తండ్రి, ప్రైవేటు అంబులెన్సులు అడిగిన డబ్బు ఇవ్వలేక కొడుకు శవాన్ని బైకు మీద తీసుకెళ్లినప్పుడు మనమంతా అంబులెన్సు దందా గురించి మాట్లాడుకున్నాం. ఆ పూట ఆ ఆస్పత్రిలో డ్యూటీలో ఉండి, అది చూస్తూ నిలబడ్డ చిన్న ఉద్యోగుల గురించి ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి. ఆ పూట గడిచాక ఈ బాధ సున్నాకు దిగదు. అడుగున కాస్త మడ్డి మిగులుతుంది. తర్వాతి కేసు ఆ మడ్డి మీద మొదలవుతుంది. పరిశోధకులు దీన్ని గమనించి రాశారు: ఏళ్లు గడిచేకొద్దీ చిన్న సంఘటనకు కూడా పెద్ద కుదుపు వస్తుంది. కొందరు ఉద్యోగం వదిలేస్తారు, కొందరు ఎదురు తిరుగుతారు, ఎక్కువమంది పట్టించుకోవడం మానేస్తారు. 'ఆ సిస్టర్‌కు రాతిగుండె' అని మనం అనుకునేవాళ్లలో ఈ మూడో రకం ఎందరో.

రమణమ్మ అడిగేది: నాకు ఉసురు తగులుతుందా?

వెంకయ్య ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. మార్చురీ బయట కూర్చుని రమణమ్మతో ఒక్క మాట అన్నాడు: "నువ్వు చెప్పబట్టే గదక్కా వచ్చినాం."

రమణమ్మ చేసింది తప్పు కాదు. ఆస్పత్రి కాన్పు ఇంటి కాన్పు కంటే భద్రమన్నది నిజం. వెయ్యిమందిని అలా పంపితే ఎన్నో ప్రాణాలు నిలబడతాయి. కానీ ఆమె వెయ్యిమందికి మాట ఇవ్వలేదు. చెంచమ్మకు ఇచ్చింది. "నేనుండా గదమ్మే" అన్న మాట ఇప్పుడు ఆమె గొంతులో ముల్లై కూర్చుంది. కాలనీ వైపు పోవాలంటే కాళ్లు రావు. దేవుడి దగ్గర దీపం పెట్టాలంటే చెయ్యి ఆగుతుంది.

దీనికి వైద్యులు పెట్టిన పేరు మోరల్ ఇంజురీ. జోనథన్ షే అనే మానసిక వైద్యుడు వియత్నాం సైనికులతో పనిచేస్తూ 1990ల్లో దీని గురించి రాశారు. కొందరు సైనికులను వేధిస్తున్నది భయం కాదు, నమ్మినవాళ్లు చేసిన ద్రోహమని ఆయన పట్టుకున్నారు. 2009లో బ్రెట్ లిట్జ్, ఆయన సహచరులు దీన్ని విస్తరించారు: తన విలువలకు విరుద్ధమైనది తాను చేసినా, ఆపలేకపోయినా, కళ్లారా చూసినా మనసుకు తగిలే దెబ్బ. దడుపులో ముందుండేది భయం. ఇక్కడ ముందుండేవి అపరాధభావం, సిగ్గు, ఒక్కోసారి కోపం. దడుచుకున్న మనిషి 'నాకేమవుతుందో' అనుకుంటాడు. ఈ దెబ్బ తిన్న మనిషి 'నేనేం మనిషిని' అనుకుంటుంది.

తెలుగులో దీనికి దగ్గరి మాట వెతికితే నాకు ఉసురు అన్నదే కనిపిస్తుంది. 'వాళ్ల ఉసురు పోసుకోవద్దు' అంటాం. అన్యాయమైపోయినవాళ్ల ఊపిరి వెంటాడుతుందన్న నమ్మకం అది. అయితే పోలిక పూర్తిగా కుదరదు. ఉసురు బయటి నుంచి, బాధపడినవాళ్ల నుంచి వచ్చి తగులుతుంది. మోరల్ ఇంజురీ లోపలి నుంచి, సొంత మనస్సాక్షి కోర్టులోంచి వస్తుంది. వెంకయ్య రేపు వచ్చి "నీ తప్పేం లేదులేక్కా" అన్నా రమణమ్మ తీర్పు మారకపోవచ్చు. ఈ తేడా తెలిస్తేనే 'నీ తప్పేమీ లేదు' అన్న ఓదార్పు ఎందుకు అంత తేలిగ్గా పనిచేయదో అర్థమవుతుంది. ఆమెకు కావాల్సింది ఆ రాత్రిని మొదటి నుంచి చివరి దాకా నిజాయితీగా తూకం వేసే మనిషి: ఇందులో నా వంతు ఎంత, ఖాళీ ఫ్రిజ్ వంతు ఎంత, వంద కిలోమీటర్ల రోడ్డు వంతు ఎంత.

మోరల్ ఇంజురీకి జబ్బుల జాబితాల్లో పీటీఎస్‌డీలా సొంత చోటు లేదు. పీటీఎస్‌డీతో కలిసి ఉండొచ్చు, విడిగానూ ఉండొచ్చు.

తల ఎత్తని డాక్టరు

బర్నౌట్ గురించి త్వరగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే ఇది అందరికీ తెలిసిందే. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు ఈ మాటను శాస్త్ర పత్రికలకెక్కించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో దీన్ని పనిచేసే చోటుకు సంబంధించిన పరిస్థితిగా పెట్టింది, జబ్బు అనలేదు. ఒంట్లో శక్తి అయిపోవడం, పని మీద విరక్తి లేదా వెటకారం, తన పని వల్ల ఉపయోగం లేదన్న భావన, ఈ మూడూ గుర్తులు. ఆ డాక్టరు తల ఎత్తకపోవడం పొగరు కావొచ్చు. వరసగా మూడో రాత్రి కాబట్టి అలుపూ కావొచ్చు. తల ఎత్తితే చెంచమ్మ ముఖం చూడాల్సి వస్తుందని కూడా కావొచ్చు. బయటి నుంచి మూడూ ఒకేలా ఉంటాయి.

ఇక్కడ ఒక ఘాటైన వాదన ఉంది. సైమన్ టాల్బట్, వెండీ డీన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 2018లో, డాక్టర్లకు బర్నౌట్ అని పేరు పెట్టడమే తప్పన్నారు. ఆ మాట 'నీకు ఓపిక చాలలేదు' అని నేరాన్ని మనిషి మీదికి తోస్తుందని, నిజానికి వాళ్లకు తగిలింది మోరల్ ఇంజురీ అని వాళ్ల మాట. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు: నిద్ర లేక అలసిన ప్రతి డాక్టరుకూ మనస్సాక్షి గాయం అంటగడితే డ్యూటీ పట్టికలు మార్చాల్సినవాళ్లు తత్వశాస్త్రం మాట్లాడుకుంటూ కూర్చుంటారని. నాకు రెండో మాటలోనూ బలం కనిపిస్తుంది. నాలుగు రోజులు సెలవిస్తే డాక్టరు కోలుకోవచ్చు. అదే సెలవు సుజాతకిస్తే ఐదో రోజు అదే ఖాళీ ఫ్రిజ్ ఎదురవుతుంది. రమణమ్మకు సెలవిస్తే ఇంట్లో కూర్చుని ఆ రాత్రినే తలుచుకుంటుంది. శీనుకిస్తే ఆత్మకూరు రోడ్డును తప్పించుకునే వీలు ఇంకాస్త దొరికి, దడుపు ఇంకా ముదరొచ్చు.

కోవిడ్ రోజులు ఏం బయటపెట్టాయి

రాష్ట్రంలో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే బయటపడింది, ఇటలీ నుంచి వచ్చిన యువకుడికి. ఆ తర్వాతి నెలే నెల్లూరుకు చెందిన ఒక డాక్టరు కోవిడ్‌తో చెన్నైలో చనిపోతే, అక్కడి శ్మశానంలో దహనం చేయనివ్వకుండా స్థానికులు అడ్డుపడ్డారు. ఆ వార్త చదివిన నర్సులకు కలిగింది ఒట్టి భయమే అయి ఉండదు. మనం ఎవరి కోసం చేస్తున్నామో వాళ్లే మనల్ని అంటరానివాళ్లను చేస్తారా అన్నది షే చెప్పిన ద్రోహం లాంటి దెబ్బ. అలాంటి ఘటనలు దేశమంతా జరగడంతో 2020 ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. అదే సెప్టెంబరులో చట్టమైంది. దాని కింద, అంటువ్యాధి ప్రబలిన రోజుల్లో వైద్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా శిక్ష పడుతుంది.

రెండో దశలో, 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ సరఫరా కొద్ది నిమిషాలు పడిపోయి, ప్రభుత్వ లెక్క ప్రకారం 11 మంది చనిపోయారు. ఆ వార్డులో నిలబడ్డ సిబ్బందికి ఆ కొద్ది నిమిషాలు ఎంత పొడుగో ఊహించుకోవచ్చు. పైన చెప్పిన బాధలన్నీ అక్కడ ఒకే మనిషికి ఒకేసారి తగలగలవు.

ప్రకాశం జిల్లా కురిచేడులో 2020 జులై చివర, మద్యం దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అడుక్కుని బతికేవాళ్లు, కూలీలు ఉన్నారు. అప్పట్లో చాలామంది నోట వినిపించిన మాట 'తాగి చచ్చారు' అని. ఇక్కడే బలహీన వర్గాల సంగతి మొదలవుతుంది.

'పోస్ట్' అన్న మాట వెంకయ్యకు సరిపోతుందా?

పీటీఎస్‌డీలో మొదటి అక్షరం 'పోస్ట్', అంటే తర్వాత. ప్రమాదం అయిపోయింది, మనసు ఇంకా అక్కడే ఉంది అన్నది ఆ పేరులోని ఊహ. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను చూసినవాళ్లకు ఆ ఊహ కుదురుతుంది. గాలి వచ్చింది, పోయింది, గాలి హోరు వింటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

వెంకయ్య బతుకు అలా విడగొట్టడానికి రాదు. యానాదుల్లో కొన్ని సమూహాలను బ్రిటిష్ కాలంలో నేరస్థ జాతుల చట్టం కిందికి తెచ్చారు. ఆ చట్టం పోయింది 1952లో. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు అక్కడి అడవిని నమ్ముకున్న యానాదులు చోటు మారాల్సి వచ్చింది. చెరువు గట్ల మీద, రొయ్యల గుంటల దగ్గర కాపలా పనిలో, అప్పుకు కట్టుబడి బతికే కుటుంబాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఖాకీ బట్టలన్నా, ఆఫీసు గడపన్నా భయం వాళ్లకు ఒక సంఘటనతో వచ్చింది కాదు. చెంచమ్మ ఆస్పత్రికి వెనకాడింది అజ్ఞానం వల్లే అనుకోవడం తేలిక. కానీ వెంకయ్య వైపు నుంచి చూస్తే అనుభవం ఆ వెనకాడటాన్నే సమర్థించింది.

ఇలాంటి చోట రెండు వాదాలు తారసపడతాయి. నిత్యం అవమానం, అభద్రతల్లో బతికేవాళ్లకు తగిలేది కూడా ట్రామాయేనని, దాన్ని తరాల తరబడి వచ్చేదిగా గుర్తించాలని కొందరు. పేదరికానికి, వివక్షకు మానసిక జబ్బు పేరు పెడితే భూమి, కూలి, ఇల్లు అడగాల్సిన చోట కౌన్సెలింగ్ చేతిలో పెడతారని ఇంకొందరు. వెంకయ్యకు రెండూ కావాల్సి రావొచ్చు: పసిబిడ్డకు పాలు, తనకు నిద్ర. ముందు ఏది అని అతన్ని అడిగితే పాలే అంటాడు.

జబ్బా, హెచ్చరికా?

మోరల్ డిస్ట్రెస్ చుట్టూ ఉన్న పెద్ద వాదన ఇదే. జబ్బులా చూసేవాళ్లు మనిషికి సాయం చేయాలంటారు: ధ్యానం, కౌన్సెలింగ్, ఒత్తిడిని తట్టుకునే శిక్షణ. ఇది నైతిక హెచ్చరిక అనేవాళ్లు, బాధపడుతున్న నర్సు మనసు బాగానే ఉందని, చెడింది వ్యవస్థ అని, ఆమె నొప్పిని నిద్రపుచ్చడం పొగ వాసన పట్టిన ముక్కుకు మందు వేయడమేనని అంటారు.

ఈ రెండో మాట అర్థం కావడానికి నెల్లూరోళ్లకు విదేశీ పుస్తకాలు అక్కర్లేదు. జిల్లాలోని దూబగుంట అనే పల్లె చాలు. 1990ల మొదట్లో అక్షరాలు నేర్చుకోవడానికి చేరిన ఆడవాళ్లు, సారా వల్ల తమ ఇళ్లలో జరుగుతున్నది ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎవరింట్లో వాళ్లు తన తలరాత అనుకున్నది అందరిదీ ఒకటే కథ అని తేలింది. సారా వేలంపాటలు ఆగాయి, ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి నిద్రమాత్రలు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. కానీ ఉద్యమం గెలిచాక కూడా తన్నులు తిన్న ఒళ్లు, దడుచుకున్న పిల్లలు మిగిలే ఉంటారు కదా అన్నది మొదటి వాదం వాళ్ల ప్రశ్న. అదీ తోసిపారేయదగ్గది కాదు.

బాధితులు ఎవరు? మెమో ఎవరికి?

2000లో ఆల్బర్ట్ వూ అనే అమెరికన్ వైద్యుడు, చికిత్సలో పొరపాటు జరిగినప్పుడు రోగి మొదటి బాధితుడైతే ఆ డాక్టరు 'రెండో బాధితుడు' అన్నారు. మాట బాగా వ్యాపించింది. 2019లో, అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాల తరఫున కొందరు దాన్ని వదిలేయమన్నారు: బాధ్యత వహించాల్సినవాళ్లు బాధితుల వరసలో నిలబడితే మా బాధ ఎక్కడ చెప్పుకోవాలని. వెంకయ్య నోటితో అడగకపోయినా అతని ప్రశ్న అదే.

మన దగ్గర ప్రతి మాతృ మరణం మీదా సమీక్ష జరగాలి. ఇంట్లో నిర్ణయం ఆలస్యమైందా, దారిలో ఆలస్యమైందా, ఆస్పత్రిలో ఆలస్యమైందా అన్నది తేల్చడం దాని ఉద్దేశం. ఎవరినో శిక్షించడం కాదు. కానీ కింది ఉద్యోగులకు సమీక్ష అనగానే వినపడేది మెమో. మెమో భయంతో ఎవరి కాగితాలు వాళ్లు సర్దుకుంటారు. రమణమ్మకు కావాల్సిన ఆ తూకం వేసే చోటు నిజానికి ఇదే కావాలి, అదే మూసుకుపోతుంది. నింద ఎంత దూరం పోగలదో 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసాలో చూశాం: కాన్పు తర్వాతి రక్తస్రావంతో ఒక తల్లి చనిపోతే డాక్టరు మీద హత్య కేసు పెట్టారు, ఆ డాక్టరు ప్రాణం తీసుకున్నారు. డాక్టర్ల మీద నిర్లక్ష్యం కేసుల్లో స్వతంత్ర వైద్య అభిప్రాయం తీసుకోవాలని, మామూలు కేసుల్లా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. అలాగని రోగుల కుటుంబాలు అడగడమే నేరం కాదు. జవాబు దొరకని చోటే చేతులు లేస్తాయి.

ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడిస్తే చాలా?

పెద్ద ప్రమాదం జరిగాక అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, జరిగిందంతా ఒకే విడతలో కక్కించడం ఒకప్పుడు మంచి పద్ధతి అనుకునేవారు. పరిశోధనలను గుదిగుచ్చి చూస్తే అది పీటీఎస్‌డీని ఆపుతుందన్న ఆధారం దొరకలేదు. కొందరికి ఎక్కువైన దాఖలాలూ ఉన్నాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని బదులు మానసిక ప్రథమ చికిత్సను సూచిస్తుంది: పరిస్థితి చూడు, చెబితే విను, కావాల్సిన సాయంతో కలుపు. చెప్పమని బలవంతం ఉండదు.

మన ప్రాంతంలో మనసు బాగాలేనివాళ్లను ఏఎస్ పేట దర్గాకు తీసుకెళ్లడం చాలా కుటుంబాలకు మామూలే. దాన్ని మూఢనమ్మకమని కొట్టేసేవాళ్లున్నారు. గుజరాత్‌లోని ఒక దర్గాలో ప్రార్థనతో పాటు మానసిక వైద్యులూ అందుబాటులో ఉండే ఏర్పాటు చేశారు. దువాకు, అంటే ప్రార్థనకు, వచ్చినవాళ్లకు దవా, అంటే మందు, కూడా దొరుకుతుంది. తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర 2001లో గొలుసులతో కట్టేసిన రోగులు మంటల్లో కాలిపోయిన ఘటన మరో కొస. నమ్మకాన్ని గౌరవించడానికీ గొలుసును భరించడానికీ మధ్య గీత అక్కడ కనిపిస్తుంది.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో చికిత్స అందనివాళ్లు, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మనది లేదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, ప్రభుత్వం సంరక్షణ ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది. శీనుకు ఈ దారుల్లో సాయం దొరికే వీలుంది. ఖాళీ ఫ్రిజ్‌కు మాత్రం హెల్ప్‌లైను లేదు.

నాలుగు నెలల తర్వాత

మన ఉదాహరణను ఇంకాస్త ముందుకు జరుపుదాం. అదే కాలనీలో వెంకయ్య చెల్లెలికి నెల తప్పింది. పేరు నమోదు చేయాల్సింది రమణమ్మే. రెండుసార్లు కాలనీ మలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చింది. మూడోసారి వెళ్లింది. గుడిసె ముందు వెంకయ్య తల్లి ఒళ్లో చెంచమ్మ బిడ్డ నిద్రపోతోంది.

చెల్లెలు కార్డు చేతిలో పట్టుకుని అడిగింది. "ఈసారి గూడా ఏం కాదంటావా అక్కా?"

రమణమ్మ కాసేపు మాట్లాడలేదు. పోయినసారి అన్న మాట నాలుక దాకా వచ్చింది.

"నీ గ్రూపేందో ముందు రాయించుకుందామ్మే," అంది. "ఆ రక్తం ఆడ ఉండాదో లేదో కనుక్కోని మళ్లీ వస్తా. లేకపోతే, నొప్పులు రాకముందే నెల్లూరు పోదాం."